వలల కొట్టు తాళంచెవి

నవంబర్ 26. మొదటి నక్షత్రం.

పిచ్చుకా,

ఇవాళ తెల్లవారకముందే సబాతో తాత సందులోకి వచ్చాడు. మోకాళ్ళు అరిగిపోయాయని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు, ఈ ఏడు రాడేమో అనుకున్నాను. వచ్చాడు. గుమ్మం గుమ్మానికీ ఆగి అదే పిలుపు. "అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా, లేవండి, మరియతల్లికి జపమాల చెప్పుకుందాం, ఇవాళ మొదటి నక్షత్రం." మన గుమ్మం ముందు మాత్రం గొంతు తగ్గించాడు. నేను పడుకున్నాననుకున్నాడు కాబోలు.

మరియతల్లి పండగ దాకా రోజుకొకటి చొప్పున ఇంకో పదకొండు నక్షత్రాలు. పన్నెండో నాటి సాయంత్రం సందు మొదట్లో మంట వేస్తారు. నువ్వు లేని మొదటి మంట.

ఇది నీ లెక్కల నోటుబుక్కే. మంచం కింద పెట్టెలో దొరికింది. సగం దాకా నీ లెక్కలు, మిగతా సగం ఖాళీ. ఖాళీ పేజీలు పారేయడం నాకు చేతకాదని నీకు తెలుసు. నాలుగో తరగతితో ఆపేసినదాన్ని, గళ్ళ కాగితమైతే ఒక్కో గడిలో ఒక్కో అక్షరం కూర్చోబెట్టొచ్చు, వరస వంకర పోదు. తప్పులుంటే నవ్వకు. నవ్వినా పర్వాలేదు.

మీ నాన్న నలభైరోజుల పూజ అయ్యాక ఓడ మీదికి వెళ్ళిపోయాడు. అక్కడ ఇరవైమందికి వండాలి కదా. ఇక్కడ నేనొక్కదాన్ని. ఒక్కదానికి పాస్తా ఎంత వేయాలో నాకింకా చేతికి రాలేదు, రోజూ మిగిలిపోతోంది.

నిన్ను నేను కతెల్లో అని ఎప్పుడూ పిలవలేదు. ఊరి పునీతుడి పేరు అది, ఊళ్ళో సగంమంది మగపిల్లలకు అదే పేరు. కిటికీలోంచి కతెల్లో అని కేకేస్తే ఆరుగురు "ఏంటమ్మా" అంటారు. పిచ్చుకా అంటే నువ్వొక్కడివే పలుకుతావు. పధ్నాలుగేళ్ళు వచ్చాక, "అమ్మా, నలుగురిలో అలా పిలవకే, పరువు పోతోంది" అన్నావు. అప్పట్నుంచి నలుగురిలో ఈల వేసేదాన్ని. దానికీ నువ్వొక్కడివే తిరిగేవాడివి.

నవంబర్ 27. రెండో నక్షత్రం.

జెల్సోమీనా ఎదురింటి కిటికీలోంచి మాట్లాడే మనిషి కదా, ఇవాళ మెట్లెక్కి వచ్చింది. అంటే పెద్ద సంగతే అనుకున్నాను.

"మేనా, ఈసారి మంట నువ్వే వెలిగించాలంటున్నారు పిల్లలు."

"నేనెందుకే?"

"నీ కొడుకు పేరు మీద. కట్టెలు దండిగా వచ్చాయిలే. పాత పడవొకటి దొరికితే చీల్చి పెట్టారు. కతెల్లో మంట అని పేరు కూడా పెట్టేశారు."

"సరే అయితే."

"ఒక్క మాట. బేకరీవాళ్ళు రాకూడదు. ఆ అనియెల్లో గాడు అటువైపు కనపడితే పిల్లలు ఊరుకోరు. పోలీసులకు చెప్పిన నోరేసుకుని వచ్చి మన మంట దగ్గర చలి కాచుకుంటాడా? నువ్వే చెప్పు."

కాఫీ పెట్టాను. చక్కెర వేయడం మర్చిపోయాను. తాగి "బాగుంది" అంది. అబద్ధం ఆడటం దానికి నీ అంత బాగా రాదు.

వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆగస్టు ఆఖర్లో పోలీసులు మన వలల కొట్టు తలుపు పగలగొట్టి, నువ్వు దాచిన సంచులు పట్టుకుపోయారు. రెండు వారాలకు నువ్వు లేవు. ఎవరో ఫోన్ చేశారని ఊరంతా అంటోంది. అనియెల్లో చేశాడని ఊరంతా అంటోంది. వాళ్ళ షట్టర్ మీద ఎర్ర రంగుతో ద్రోహి అని రాశారు. వాళ్ళమ్మ తితీనా ఎంత తోమినా పోలేదట, అక్షరాలు గులాబీ రంగులోకి తిరిగాయట, అంతే.

ఎవరు చేశారో నాకు తెలియదు. ఊరు అంటోంది.

నవంబర్ 28. మూడో నక్షత్రం.

వాన. కట్టెల మీద పిల్లలు టార్పాలిన్ కప్పారు. ఇవాళ ఏమీ రాయను.

నవంబర్ 29. నాలుగో నక్షత్రం.

నీ పేజీలు మొదట్నుంచి చూశాను. లెక్కలు నావల్ల కాదు కానీ చేతిరాతలు గుర్తుపడతాను. పిచ్చుకా, ఈ పుస్తకంలో సగం లెక్కలు నువ్వు చేసినవి కావు. ఆ చిన్న చిన్న నిలువు అక్షరాలు అనియెల్లోవి. వాడి నాలుగుకు తల మూసుకుపోయి ఉంటుంది, నీది తెరుచుకుని ఉంటుంది. టీచరమ్మకు ఎలా కనపడలేదో మరి.

అంచుల్లో మీ కబుర్లు ఉన్నాయి. నీ రాత: "ఇవాళ మీ బేకరీలో విరిగిన బిస్కెట్లు ఉన్నాయా?" వాడి రాత: "ఉన్నాయి. నువ్వొస్తే ఉండవు." ఇంకోచోట నువ్వు: "గాడిద ఎవరు?" వాడు: "ఈ లెక్క చేయలేనివాడు." దాని కింద నువ్వు గాడిద బొమ్మ వేసి నీ పేరు రాసుకున్నావు. చాలాసేపు నవ్వాను. నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాను.

మార్చి తర్వాత వాడి రాత లేదు. ఏప్రిల్లో రెండు పేజీలు నీవే, అన్నీ తప్పు. తర్వాత ఖాళీ.

వాడు నా పాలు తాగిన పిల్లాడు. తితీనాకు పాలు పడలేదు, మీరిద్దరూ పదకొండు రోజుల తేడా. వాళ్ళాయన బట్టీ దగ్గర్నుంచి పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి వాడిని నా ఒళ్ళో పెట్టేవాడు. నీకు కుడివైపు, వాడికి ఎడమవైపు. వాడు తాగుతూ తాగుతూ నిద్రపోయేవాడు, నువ్వు కాలితో వాడిని తన్ని లేపేవాడివి. మాటలొచ్చాక నన్ను పాలమ్మా అన్నాడు. అలా అనమని వాడికి ఎవరూ నేర్పలేదు.

నవంబర్ 30. ఐదో నక్షత్రం.

మీ ఇద్దరి సంగతి ఎక్కడ చెడిందా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను.

పోయిన ఏడు మంట రోజున మీ ఇద్దరి మొహాలూ మసే. పై సందువాళ్ళు మన కట్టెలు ఎత్తుకుపోతే మీరు వెళ్ళి రెండింతలు ఎత్తుకొచ్చారు. ఎవరిదో పియానో మూత కూడా తెచ్చారు, నేను చూసి కెవ్వుమన్నాను. "అది వాళ్ళకి అక్కర్లేదు పాలమ్మా, అందులో పిల్లి పిల్లల్ని పెట్టింది" అన్నాడు వాడు. "పిల్లిపిల్లల్ని అక్కడే దింపి వచ్చాం, మేం దొంగలం కాదు" అన్నావు నువ్వు.

జనవరిలో గడియారం గారు నిన్ను తన స్కూటర్ ఎక్కించుకున్నాడు. చేతికి ఆ పెద్ద వాచీ వేసుకుని ఓడరేవు వైపు కూర్చుంటాడే, ఆయన. ముందు కబురు చేరవేయడం. తర్వాత కాపలా. తర్వాత కొత్త కోటు. "ఎవరిచ్చారురా?" అంటే "పనిచేస్తే ఇచ్చారమ్మా" అన్నావు. ఏం పని అని అడగలేదు. చలికి కోటు అవసరమే కదా అనుకున్నాను. మంచి కోటు, అది నిజం.

ఈస్టరు తర్వాత ఒకరోజు మీరిద్దరూ ఈ బల్ల దగ్గరే కూర్చున్నారు. నేను చిక్కుడు గింజల పాస్తా వడ్డిస్తున్నాను.

"మూడింటికి లేచి పిండి పిసుకుతావు, ఏడింటికి బడికి వస్తావు, బల్ల మీద పడి గురక పెడతావు. ఇదేం బతుకురా పిండి మొహం?" అన్నావు.

"నీ బతుకు బాగుందిలే. మూల మీద నిలబడి పోలీసు బండి వస్తే ఈల వేయడం. పిచ్చుక అన్న పేరు సార్థకం చేశావు."

"ఈల కాదురా, నమ్మకం. నన్ను నమ్మారు వాళ్ళు."

"నిన్న మన క్లాసు జెరార్దో గాడు ఆసుపత్రిలో నురగలు కక్కాడు, చూశావా? ఆ మాత్రలు నీ జేబులోంచే వెళ్ళాయి."

నువ్వు చెంచా పడేసి లేచావు. వాడు మాత్రం తల వంచుకుని నీ ప్లేటులో మిగిలింది కూడా తినేశాడు. తింటూ ఏడ్చాడు. నేను చూడనట్టు పొయ్యి వైపు తిరిగాను.

కుర్రాళ్ళు, ఇవాళ కొట్టుకుని రేపు కలుస్తారు అనుకున్నాను.

డిసెంబర్ 1. ఆరో నక్షత్రం.

తాళంచెవి సంగతి రాయాలి.

జూన్ మొదట్లో నువ్వు తాతగారి వలల కొట్టు తాళంచెవి అడిగావు. తలుపు వెనక మేకుకు ఉండే ఇనప తాళంచెవి, నీ మూరెడు చేతికి సగం ఉంటుంది. "ఎందుకురా?" అన్నాను. "మంటకి కట్టెలు దాచుకోవడానికి అమ్మా. ఈసారి ముందే మొదలెడుతున్నాం, పై సందువాళ్ళకి దొరక్కూడదు."

జూన్‌లో ఎవరూ కట్టెలు దాచరు. ఈ ఊళ్ళో మూడేళ్ళ పిల్లని అడిగినా చెబుతుంది. నవంబర్ మొదట్లో చచ్చినవాళ్ళ పండగ వెళ్ళాకే కదా ఎవరైనా మొదటి కట్టె ఎత్తుకొచ్చేది. నేను మేకు నుంచి తాళంచెవి తీసి, తుప్పు పోయేలా నూనె రాసి, నీ చేతిలో పెట్టాను. ఈ ఏడు పిల్లలు ముందే మొదలెట్టారు, హుషారైనవాళ్ళు, అనుకున్నాను.

నాలుగు రోజులకు అనియెల్లో వచ్చాడు. కూర్చోలేదు.

"పాలమ్మా, తాళంచెవి పోయిందని చెప్పు. తిరిగి తీసుకో. దాచెయ్యి."

"ఎందుకురా? కట్టెలకే కదా."

"అవి కట్టెలు కావు."

"ఏమిటి మరి?"

వాడు నా మొహంలోకి చూశాడు. "నీకు తెలుసు" అన్నాడు.

అప్పుడు నేను అన్న మాట ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను. "వాడికి నాలుగు మంచి బట్టలొచ్చేసరికి నీకు కుళ్ళు పుట్టింది. నా కొడుకు గురించి నా ఇంట్లో నిలబడి చాడీలు చెప్పకు. వెళ్ళు."

బల్ల మీద వాడి కోసం తీసిన వంకాయ కూర ఉంది. మూత కూడా తీయలేదు. పదహారేళ్ళలో వాడు నా ఇంటినుంచి తినకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

డిసెంబర్ 2. ఏడో నక్షత్రం.

ఎవరు ఫోన్ చేశారో నాకు తెలియదు అని మొన్న రాశాను. ఆ మాట కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టేయలేదు. రేపు చూస్తాను.

డిసెంబర్ 3. ఎనిమిదో నక్షత్రం.

ఊట దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే తితీనా వచ్చింది. మిగతా ఆడవాళ్ళు సీసాలు సగంలోనే తీసుకుని పక్కకు జరిగారు. దాని పక్కన ఎవరూ నిలబడటం లేదు. నేను జరగలేదు, అలాగని దగ్గరకూ వెళ్ళలేదు.

"నిన్న వాడిని సైకిల్ మీదనుంచి లాగి కొట్టారు మేనా. పెదవికి మూడు కుట్లు. బిస్కెట్ల బుట్ట సముద్రంలోకి విసిరారు. చేపలు తిని ఉంటాయిలే, మనుషులైతే ఎలాగూ కొనడం లేదు."

"ఎవరు కొట్టారు?"

"నీ కొడుకు పేరు మీద కట్టెలు పోగేస్తున్నవాళ్ళే."

సీసా నిండి నీళ్ళు నా చెప్పుల మీద పోతున్నాయి.

"మా తమ్ముడి దగ్గరికి పంపేస్తున్నాను, ఉత్తరాన ఆ చివర త్రియెస్తేకి. అక్కడ వాడికీ బేకరీ ఉంది. తొమ్మిదో తారీకు రైలు. అప్పటిదాకా ప్రాణాలతో ఉంటే చాలు. మేనా, నువ్వు నాకు వదినవి కావు, అక్కవి కావు, అయినా నా బిడ్డకి పాలిచ్చావు. వాడు చేసి ఉంటాడని నీకు నిజంగా అనిపిస్తే చెప్పు, నేను నోరు మూసుకుంటాను. అనిపించకపోతే ఒక్క మాట బయట అను. నీ మాట వింటారు. ఇంకెవరి మాటా వినరు."

"నాకేం తెలుసు తితీనా" అన్నాను.

అది సీసాలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. దాని నడుములో వంపు వచ్చింది, మేమిద్దరం ఒక ఈడువాళ్ళమే.

డిసెంబర్ 4. తొమ్మిదో నక్షత్రం.

నేనే చేశాను.

రాశాను చూడు. ఆరు గళ్ళు కూడా పట్టలేదు.

ఆగస్టు ముప్ఫై, మధ్యాహ్నం. ఓడరేవు ముందు బార్ ఉందే, లోపల గోడకు ఇంకా ఫోన్ ఉన్నది. ఇంటి ఫోన్ నుంచి చేస్తే తెలుస్తుందని అంత దూరం నడిచాను. అంత తెలివి ఉంది నాకు. స్టేషన్‌కి చేసి, వలల కొట్టు, ఆకుపచ్చ తలుపు, కింది సందు, అని చెప్పి పెట్టేశాను.

ఎందుకు చేశానో నీకు చెప్పాలి. ప్రతి ఏడూ నవంబర్‌లో మునిసిపాలిటీవాళ్ళు పోలీసులతో వచ్చి పిల్లలు దాచిన కట్టెలు లారీలో వేసుకుపోతారు కదా. పిల్లలు లారీ వెనక పరిగెత్తి తిట్టి, మట్టి విసిరి, ఏడ్చి, చీకటి పడేసరికి ఇళ్ళకు వచ్చి అన్నం తింటారు. నువ్వు తొమ్మిదేళ్ళప్పుడు అలాగే ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడుకున్నావు. ఇదీ అలాగే అనుకున్నాను పిచ్చుకా. లారీ వస్తుంది, సంచులు పోతాయి, రెండు దెబ్బలు వేస్తారు, నువ్వు ఏడుస్తూ ఇంటికి వస్తావు, అంతటితో అయిపోతుంది అనుకున్నాను. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

అలాగే జరిగింది కూడా, మొదట్లో. రెండు రోజులు ఉంచుకుని, మైనరని నా చేత సంతకం పెట్టించుకుని పంపేశారు. పదమూడు రోజులు ఇంట్లోనే ఉన్నావు. టమాటాలు ఎండబెట్టి ఇచ్చావు. నా కాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుని టీవీ చూశావు. ఒకరోజు నాలుగు చేపలు తిని, "అమ్మా, ఇంకా ఉన్నాయా?" అన్నావు. నా కొడుకు నాకు తిరిగొచ్చాడని ఊట దగ్గర మరియతల్లి గూటికి కొవ్వొత్తి పెట్టాను.

కట్టెలు పోతే ఎవరూ జవాబు అడగరు. ఆ సంచులకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని నాకు తెలియలేదు. సెప్టెంబర్ పద్నాలుగున నీళ్ళ సీసాలు పట్టుకుని ఊటకు వెళ్ళావు. స్కూటర్ మీద ఇద్దరు వచ్చారు, నువ్వు మళ్ళీ ఇంటికి రాలేదు.

బార్‌లో నేను ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అనియెల్లో ఉన్నాడు. చేతిలో బిస్కెట్ల ట్రే. అంతా విన్నాడు. ట్రే కౌంటర్ మీద పెట్టి, నాకు దారి ఇచ్చాడు. మూడు నెలలుగా వాడు ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలుగా నేనూ చెప్పలేదు.

డిసెంబర్ 5. పదో నక్షత్రం.

గడియారం గారు వచ్చాడు. ఎదురుగా కూర్చుని మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టాడు. దారం ముడి కూడా అందంగా వేసి ఉంది.

"ఎలా ఉన్నావు పిన్నీ? తింటున్నావా?"

"తింటున్నాను."

"మంట నువ్వు వెలిగిస్తున్నావని విన్నాను. మంచి మాట. మీవాడు చాలా మర్యాదస్తుడు. అది జరగకుండా ఉండాల్సింది. పొరపాటు."

పొరపాటు అన్నాడు. నేను ఆయన వాచీ వైపు చూశాను. అది సరైన టైమే చూపిస్తోంది.

"ఆ పిండి కుర్రాడి గురించి నువ్వు బెంగపడకు. పండగ అయిపోనీ, మంట బూడిద చల్లారనీ. మేం చూసుకుంటాం. నీ కొడుకుకి మేం బాకీ."

"వాడి జోలికి వెళ్ళొద్దు" అన్నాను. ఆయన నా భుజం తట్టాడు, పెద్ద మనసు అన్నాడు.

డబ్బా విప్పకుండా కిందికి తీసుకెళ్ళి చెత్తలో వేశాను. మళ్ళీ పైకొచ్చి చేతులు కడుక్కున్నాను.

డిసెంబర్ 6. పదకొండో నక్షత్రం.

మధ్యాహ్నం కిటికీలోంచి ఈల వేశాను. నీ ఈల. కింద బేకరీ సైకిల్ ఆగింది. వాడికీ ఆ ఈల తెలుసు, ఎప్పుడూ నీతోపాటు తిరిగేవాడు కదా.

గుమ్మంలో నిలబడ్డాడు. పెదవి మీద కుట్లు నల్లదారంతో వేశారు, మీసం వచ్చినట్టుంది.

"లోపలికి రా. కూర్చో."

"షూస్‌కి పిండి ఉంది పాలమ్మా."

"ఈ ఇంట్లో నీ పిండి పదహారేళ్ళుగా ఉంది. కూర్చో."

కూర్చున్నాడు. నీ కుర్చీలో కాదు, తనదాంట్లోనే. వంకాయ కూర పెట్టాను. కుట్లవల్ల నోరు తెరవలేకపోయాడు, చెంచాతో మెత్తగా చేసి ఇచ్చాను. తిన్నాడు.

"ఎందుకురా చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మా పాలమ్మ చేసిందనా?"

"నిన్ను చంపుతారు."

"నన్నేముంది, త్రియెస్తే పోతాను. నువ్వెక్కడికి పోతావు? నీకు రైలు ఎక్కితే కడుపులో తిప్పుతుంది."

నేను వాడి వైపు చూడలేకపోయాను. వాడే మళ్ళీ అన్నాడు, ప్లేటు వైపు చూస్తూ.

"వాడు స్టేషన్ నుంచి వచ్చాక నా దగ్గరికి వచ్చాడు. బట్టీ వెనక్కి పిలిచి, నువ్వేనా అని అడిగాడు. నేనే అన్నాను."

"ఎందుకురా అలా అన్నావు?"

"వాడు నిన్ను అసహ్యించుకోకూడదు కదా. నన్ను ఎలాగూ అసహ్యించుకుంటున్నాడు, కొత్తగా పోయేదేముంది. వాడు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఓ విరిగిన బిస్కెట్ తీసుకుని తిన్నాడు. 'నువ్వెప్పుడూ నా లెక్కలు తప్పకుండా చేసేవాడివిరా పిండి మొహం' అని వెళ్ళిపోయాడు."

బయట పిల్లలు కట్టెలు ఈడ్చుకెళ్తున్న చప్పుడు.

"గడియారం గారి మనుషులు వాడిని ఎవరు చెప్పారని అడిగారట పాలమ్మా. ఎవరూ కాదు, నేనే తాగి వాగాను అన్నాడట. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఊట దగ్గర పడేది నేను. ఇప్పుడు వాళ్ళు నన్నంటున్నది ఊహే, మాకు మాటల్లేవని అందరికీ తెలుసు కాబట్టి."

పిచ్చుకా. నువ్వు వాడిని కాపాడాననుకున్నావు. వాడు నన్ను కాపాడాడు. నేను ఎవరినీ కాపాడలేదు, తాళంచెవికి నూనె రాశాను.

వాడు లేస్తూ, "కూరలో మళ్ళీ ఆ ఉప్పటి మొగ్గలు, కేపర్లు వేశావు" అన్నాడు.

"వేస్తే తిన్నావుగా."

"నువ్వు చిన్నప్పట్నుంచీ వేస్తూనే ఉన్నావు, నేను నాలుక కింద దాచి బయట ఉమ్ముతూనే ఉన్నాను."

నవ్వబోయి కుట్టు లాగి అబ్బా అన్నాడు.

డిసెంబర్ 7. పన్నెండో నక్షత్రం.

సాయంత్రం జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

నా నల్లటి పొడుగు శాలువా కప్పుకుని వెళ్ళాను. సందంతా అక్కడే ఉంది. పడవ కట్టెలు గుడి గుమ్మం ఎత్తున పేర్చారు. పైన నీ ఫోటో పెట్టారు, దాన్ని తీయించేశాను, నువ్వు కాలడం నేను చూడను అన్నాను. జెల్సోమీనా నా చెయ్యి పట్టుకుంది. మూలన గడియారం గారు, ఇద్దరు మనుషులు. కాగడా నా చేతికి ఇచ్చారు.

జనం ముందు మాట్లాడటం నాకు రాదు. ఎలా మొదలెట్టాలో తెలియక, పన్నెండు రోజులుగా చెవిలో ఉన్నదే నోటికి వచ్చింది. "అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా" అన్నాను. కొందరు జపమాల అనుకుని శిలువ గుర్తు వేసుకున్నారు.

"ఆగస్టు ముప్ఫైన పోలీసులకు ఫోన్ చేసింది నేను. ఓడరేవు బార్ నుంచి. అనియెల్లో కాదు. నా కొడుకు ఇంటికి రావాలని చేశాను. కొట్టు తాళంచెవి ఇచ్చిందీ నేనే. లోపల కట్టెలు లేవని నాకు తెలుసు. షట్టర్ మీద రాయాలంటే నా తలుపు మీద రాయండి, రెండో అంతస్తు, ఎడమవైపు."

జెల్సోమీనా చెయ్యి నా చేతిలోంచి జారింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా. "దీనికి చక్కెర వేయడం కూడా గుర్తుండదు, ఫోన్ నంబరు ఎలా గుర్తుందో" అని గొణిగింది. అది ఏడుస్తోంది.

గడియారం గారు నా వైపు చూశాడు. నేనూ చూశాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద, సందంతా చూస్తుండగా, మరియతల్లి పండగనాడు, ఏం చేస్తాడు? వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. రేపటి సంగతి నాకు తెలియదు. ఇవాళ వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు బేకరీవాళ్ళు వస్తేనే వెలిగిస్తాను" అన్నాను.

కట్టెలు మోసిన పిల్లల్లో పెద్దవాడు, అనియెల్లోను సైకిల్ మీదనుంచి లాగినవాడే అట, తల దించుకుని సందులోకి వెళ్ళాడు. చలికి అందరం నిలబడే ఉన్నాం. వచ్చారు. ముందు తితీనా, వెనక వాళ్ళాయన, ఆఖరున వాడు, పిండి షూస్‌తో. కాగడా వాడి చేతికీ అందించాను, ఇద్దరం కలిపి పట్టుకున్నాం. పడవ రంగు కాలితే నీలం మంట వచ్చింది. నీకు నచ్చేది.

సబాతో తాత నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, నా పిలుపు దొంగిలించావు. పర్వాలేదులే, గొంతు నాకంటే బాగుంది" అన్నాడు.

డిసెంబర్ 8. పండగ.

పొద్దున బేకరీ ముందు ముగ్గురు నిలబడి ఉన్నారట. మునుపు ముప్ఫైమంది ఉండేవారు. ముగ్గురు.

పిచ్చుకా, ఇక్కడితో నీతో ఆపుతాను. నీకు చెప్పాల్సింది అయిపోయింది, నీకన్నీ తెలిశాయి. మిగిలిన పేజీలు వాడికి రాస్తాను.

అనియెల్లో, నాన్నా,

రేపు పొద్దున రైలు. నేనలా మాట్లాడాక కూడా నువ్వు వెళ్ళడమే మంచిదని మీ అమ్మ అంటోంది. నాకూ అలాగే అనిపిస్తోంది. ఆ సంచిలో రొట్టె, నూనెలో వేసిన వంకాయలు, మీ బేకరీ బిస్కెట్లే ఒక పొట్లం ఉన్నాయి. వాటి అడుగున ఈ పుస్తకం పెడుతున్నాను. మొదటి సగం మీ ఇద్దరిది, చదివితే నవ్వొస్తుంది. రెండో సగం నాది. జూన్‌లో నిన్ను వెళ్ళమన్న మాట ఆరో నక్షత్రం దగ్గర ఉంది. దానికి క్షమించమని ఎదురుగా అడగలేకపోయాను, ఇక్కడ అడుగుతున్నాను.

వాడు నిన్ను అసహ్యించుకోలేదు. ఆ బిస్కెట్ తిన్నాడు కదా. ఇష్టం లేనివాడి చేతిది వాడు ఏనాడూ తినలేదు, చిన్నప్పట్నుంచీ అంతే.

కొట్టు తాళంచెవి మళ్ళీ మేకుకే ఉంది. ఇకమీదట అందులో కట్టెలు తప్ప ఏమీ పెట్టనివ్వను. వచ్చే ఏడు పరిస్థితి బాగుంటే పదో నక్షత్రానికల్లా రా, మోయడానికి చేతులు కావాలి.

మీ మామ ఇంట్లో రెండోసారి వడ్డించమని అడగడానికి సిగ్గుపడతావు, నాకు తెలుసు. సిగ్గుపడకు. వంకాయల్లో కేపర్లు వేయలేదు. మూడింటికి లేచి పనికి వెళ్ళేముందు ఏదో ఒకటి నోట్లో వేసుకో. వేళకి తిను నాన్నా, కడుపునిండా తిను.